ఆంగ్మార్ మాంత్రికరాజును చంపిందెవరు?

ప్రశ్న: టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో సౌరాన్ సేనాని మాంత్రికరాజు మగవాడి చేతిలో చావడని జోస్యం ఉంది. చంపింది రోహన్ రాజు మేనకోడలు ఎయొవిన్ ఒక్కతేనా? హాబిట్ అనే పొట్టి జాతివాడు మెర్రీ పొడిచిన పోటుకు విలువ లేదా?
– ఓ పాఠకురాలు, చిత్తూరు

జవాబు: చాలా ఉందమ్మా. మెర్రీ కత్తి పాత సమాధి దిబ్బలో దొరికింది, మాంత్రికరాజు ఏలిన ఆంగ్మార్‌తో పోరాడిన ఆర్నోర్ రాజ్యం వాళ్లు చేసింది. సౌరాన్ ఇచ్చిన ఉంగరం వల్ల మాంత్రికరాజు చావూ బతుకూ కాని నీడగా మిగిలాడు. కంటికి ఆనని ఆ ఒంటిని అతని ఇష్టానికి కట్టి ఉంచిన మంత్రాన్ని, మోకాలి వెనక దిగిన ఆ కత్తే తెంచింది. వెంటనే ఎయొవిన్ కిరీటానికీ భుజాలకీ మధ్య పొడిచింది. ఆమె కత్తి ముక్కలైంది. నేలమీద మిగిలింది ఖాళీ కవచం, ఖాళీ అంగీ.

జోస్యాన్ని హిరణ్యకశిపుడి వరంలా అనుకోకు. ఆ కథాలోకపు మూడో యుగం 1975లో ఎల్ఫ్ జాతి వీరుడు గ్లోర్‌ఫిండెల్ ముందే చూసి చెప్పిన మాట అది, రక్షణ కాదు. అదే యుగం 3019 మార్చి 15న నిజమైంది.

నేను తిరుపతిలో పుట్టి పెరిగినదాన్ని. ఎయొవిన్ మగవేషంలో యుద్ధానికి వచ్చిందని చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. ఆడవాళ్లను చెరిచే పాలెగాడు దాక్కుంటే గంగమ్మ రోజుకో వేషంలో వెతికి, దొర వేషంలో కనిపెట్టి చంపిందని మా అవ్వ చెప్పేది. జాతరలో అన్న దొర వేషానికి ఒంటికి చందనం పూసుకుంటుంటే గిన్నె పట్టుకునేది నేనే.