బడి సంగతి తర్వాత, ముందు పాపకు చదవడం రావాలి

ప్రశ్న (2021 జులై): రాజోలు దగ్గర మాకు చిన్న కిరాణా కొట్టు ఉంది. కరోనా వల్ల పరీక్షలు రద్దవడంతో బాబు పరీక్ష రాయకుండానే పది పాసయ్యాడు. పాప నాలుగో తరగతికి వచ్చింది గానీ తెలుగు వాచకం కూడా తడబడకుండా చదవలేకపోతోంది. బడుల గురించి వాట్సాప్‌లో రోజుకో వార్త వస్తోంది, ఏది నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇలాగైతే పాప రేపు పెద్ద చదువులకు పనికొస్తుందా మేడం?

జవాబు: పనికొస్తుందమ్మా, తప్పకుండా. మీ పాప రెండో తరగతిలో ఉండగా కరోనాతో 2020 మార్చిలో బడి మూశారు. చిన్న తరగతులు మళ్లీ తెరిచింది ఈ ఫిబ్రవరిలో. ఏప్రిల్ వచ్చేసరికి అవీ ఆగిపోయాయి. వత్తులు, గుణింతాలు నోటికి అలవాటు పడాల్సిన కాలమంతా ఇంట్లోనే గడిచింది. ఇందులో పాప తప్పూ లేదు, మీ తప్పూ లేదు.

కెరీర్ సలహా అడిగితే చదవడం గురించి చెబుతోందేమిటి అనుకోకండి. లెక్కల్లో వెనకబడ్డామంటూ నా దగ్గరికి ఇంటర్ పిల్లలు వస్తారు. ప్రశ్నను పైకి చదవమంటే సగంలోనే ఆగిపోతారు. వాళ్లలో చాలామందికి లెక్క వచ్చు. ప్రశ్న ఏమడుగుతోందో అందక మార్కులు పోతున్నాయి. అందుకే పాపను ఏ ఫౌండేషన్ కోర్సులోనో చేర్చాలని ఇప్పుడే తొందరపడొద్దు.

రోజూ అరగంట కేటాయించండి. కొట్టులో బేరం లేని మధ్యాహ్నం వేళైనా ఫరవాలేదు. ముందు మీరు వేలు పెట్టి ఒక పేజీ చదవండి, తర్వాత అదే పేజీ పాప చేత చదివించండి. 'కొత్త'ను 'కొత' అని చదివితే వెంటనే అడ్డు తగలకండి, వాక్యం పూర్తి కానివ్వండి. అప్పుడు ఆ మాటను మీరు మెల్లగా పలికి, పలక మీద రాసి చూపించండి. నాలుగో తరగతి వాచకంతోనే మొదలుపెట్టాలని పట్టు పట్టొద్దు. రెండో తరగతి పుస్తకం దగ్గర నుంచి రండి. నామోషీగా అనిపిస్తే నానమ్మకో అమ్మమ్మకో చదివి వినిపించమనండి. వినేవాళ్లుంటే పిల్లలకు హుషారొస్తుంది.

కథల పుస్తకాలు కొనే వీలు లేకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా పెట్టారు. పాపకు మొదటి మెట్టు కథలే ఇవ్వండి. ఒక కథ మొదలు నుంచి చివరిదాకా తనంతట తాను చదివానన్న ధైర్యం ఈ వయసులో చాలా పెద్దది. వరదల కాలం కదా, గోదావరి లంకల వైపు కరెంటు, సిగ్నలు ఎప్పుడు పోతాయో తెలియదు. నాలుగైదు కథలు ముందే ఫోన్లోకి దింపి ఉంచుకోండి.

బడి వార్తలకు ఒక్కటే పద్ధతి. ఆగస్టు 16న తెరుస్తామని ప్రభుత్వం చెప్పింది. అందులో మార్పు ఉంటే ముందు తెలిసేది హెడ్మాస్టరు గారికే. వారానికోసారి ఆయనకో, క్లాసు టీచరుకో ఫోన్ చేయండి. ఎవరు పంపారో, ఏ తేదీదో తెలియని మెసేజీని మాత్రం ఇంకొకరికి పంపకండి. నిరుటి ఆర్డరు ఫొటోలు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

ఇక బాబు సంగతి. పరీక్ష రాయలేదు కాబట్టి తనకు ఏది వచ్చో, ఏది రాదో వాడికే తెలియదు. లక్షలు కట్టి హాస్టల్ కాలేజీలో చేర్చే ముందు పాత పదో తరగతి ప్రశ్నపత్రాలు తెచ్చి, గడియారం పెట్టి ఇంట్లోనే రాయించండి. నిరుడు పదో తరగతి మార్కులు లేకపోవడంతో, పది తర్వాత నేరుగా చేరే ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీ సీట్లకు డిసెంబరులో ప్రవేశ పరీక్ష పెట్టారు. పదో తరగతి లెక్కలు, సైన్సు మీదే ప్రశ్నలు వచ్చాయి. పాలిటెక్నిక్ డిప్లొమాకు పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష ఎలాగూ రాయాలి. ఏ దారిన వెళ్లినా ఆ పుస్తకాలు మళ్లీ తిరగేయక తప్పదు, పాత కాగితాల వాళ్లకు అమ్మేయకండి.

నెల రోజులయ్యాక పాప ఎలా చదువుతోందో రాయండి. అప్పటికీ వత్తుల దగ్గరే ఆగుతుంటే ఏం చేయాలో చూద్దాం.