సిలిండర్లన్నీ ఒక పక్కనే ఎందుకు?

ప్రశ్న: అమెరికా అడవుల్లో దుంగలు మోసిన పాత ఆవిరి ఇంజను ఫొటో చూశాను. సిలిండర్లన్నీ కుడి పక్కన నిలువుగా ఉన్నాయి, బాయిలరు ఎడమకు జరిగి ఉంది. అలాంటి ఇంజను కొండలు ఎలా ఎక్కేది?
— ఒక పాఠకుడు, ములుగు

జవాబు: మీరు చూసింది షే ఇంజను. దాని గొప్పతనం తెలియాలంటే ముందు మామూలు ఇంజను ఎక్కడ ఓడిపోతుందో చెప్పాలి. నేను కాజీపేటలో రైలింజనుకు బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా ఉన్న రోజుల్లో ఒక వానరాత్రి మా బొగ్గు బండి ఎత్తు మీద ఆగిపోయింది. ఆవిరికి కొదవ లేదు. చక్రాలు మాత్రం ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి. చక్రాలకు పట్టు దొరికేలా పట్టాల మీద ఇసుక వదిలే గొట్టం తడికి పూడుకుపోయింది. నేను దిగి, ఇంజను ముందు నడుస్తూ రెండు పట్టాల మీదా గుప్పిళ్లతో ఇసుక చల్లితే గాని బండి కదలలేదు. చక్రానికి పట్టు దొరకకపోతే ఎంత ఆవిరి ఉన్నా దండగే.

మా ఇంజన్లలో పిస్టన్ల బలం పెద్ద చక్రాలకే అందేది. టన్నులకొద్దీ బొగ్గూ నీళ్లూ ఉన్న టెండరును ఊరికే ఈడ్చుకుపోవాల్సి వచ్చేది. షే ఇంజనులో ఆ బరువు కూడా పనిచేస్తుంది! కుడి పక్క సిలిండర్లు ఇంజను పక్కన పొడవునా ఉన్న ఇరుసును తిప్పుతాయి. పళ్లచక్రాల ద్వారా ఆ బలం టెండరు కింది చక్రాలతో సహా అన్నిటికీ చేరుతుంది. ఇరుసుకు మధ్యమధ్య కీళ్లు ఉంటాయి కాబట్టి మలుపుల్లో ఇబ్బంది లేదు. సిలిండర్ల బరువుకు సరితూగడానికే బాయిలరును ఎడమకు జరిపారు. వేగం మాత్రం తక్కువే.

దీన్ని రూపొందించిన ఎఫ్రెయిమ్ షే మిషిగన్ కలప వ్యాపారి. అక్కడ మంచు పడితేనే దుంగలను బయటికి లాగగలిగేవారు. ఆ ఎదురుచూపు తప్పించుకోవడానికి ఆయన అడవిలో కర్ర పట్టాలు వేసి, వాటిని విరగ్గొట్టని ఇంజను తయారుచేశాడు. 1881లో పేటెంటు వచ్చింది. ఒహాయోలోని లైమా కర్మాగారం 1945 వరకు 2,700కు పైగా ఇంజన్లు చేసింది.

మామూలు ఇంజనుకు వంద అడుగులకు రెండు మూడు అడుగుల ఎత్తే కష్టం. అమెరికాలో పశ్చిమ వర్జీనియాలోని కాస్ అనే దుంగల రైలు లైనులో కొన్నిచోట్ల పదకొండు అడుగులు! మలుపుకు చోటు లేనిచోట బండి ముందుకు వెళ్లి ఆగి, పట్టా మార్చే పాయింటు తిప్పుకుని, వెనక్కి నడుస్తూ పైకెక్కుతుంది. అడవిలో ఒక చోట నరకడం అయిపోతే పట్టాలు పీకి మరో చోట వేసేవారు.

దిగడమే అసలు గండమని నా నమ్మకం. తొలిరోజుల్లో మనుషులు దుంగల బండ్ల మీద నిలబడి చేతి బ్రేకులు తిప్పేవారు. మరీ బిగిస్తే చక్రం ఆగి, పట్టా మీద జారిపోతుంది. మన కేరళలోని పరంబికుళం అడవి ట్రామ్‌వేలో (1907–1963) నిటారు వాలుల దగ్గర ఇంజనే అక్కర్లేదు. తాడుకు ఒక కొసన దిగే టేకు బండ్ల బరువే, రెండో కొసన ఉన్న ఖాళీ బండ్లను పైకి లాగేది.