ఆ మూడు శాతం మాట తీసెయ్యి, చిన్నీ

చిరంజీవి చిన్నికి మీ పెద్దమ్మ ఆశీస్సులు.

స్టాంపుని ఈబే సైటులో వేలంపాటకి పెట్టేందుకు నువ్వు రాసి పంపిన లిస్టింగు మామూలుగా రెండుసార్లు, కళ్ళజోడు పెట్టుకుని మూడోసారి చూశాను. ఫోటోలు చాలా బాగా తీశావు. స్టాంపు వెనకవైపు కూడా తీశావు చూడు, అది పని తెలిసినవాళ్ళు చేసేది. జిగురు ఉందా, ఆల్బమ్‌లో అతికించిన మచ్చ ఉందా అని కొనేవాడు ముందు చూసేది అదే. కానీ అట్టడుగున పెద్ద అక్షరాల్లో, "పేమెంటు ఫీజుల కింద పాట మొత్తం మీద 3 శాతం అదనం" అని ఒక లైను పెట్టావు. ముందు లేచి వెళ్ళి అది తీసెయ్యి. పాట ఇంకా మొదలవలేదు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత తీరిగ్గా ఈ ఉత్తరం చదువు.

నిన్ను తప్పు పట్టడం లేదే. 2004లో నేనూ అదే లైను రాశాను. మీ పెదనాన్న ఆల్బమ్‌లలో రెండేసి మూడేసి ఉన్నవి అమ్మడం మొదలుపెట్టిన కొత్త. స్టాంపు నాలుగు డాలర్లు, పోస్టేజీ ఒక డాలరు. ఆన్‌లైన్లో డబ్బు వసూలు చేసిపెట్టే పేపాల్ వాళ్ళు అప్పట్లో 2.9 శాతం తీసుకునేవాళ్ళు, దాని మీద ప్రతి అమ్మకానికీ 30 సెంట్లు. వంద డాలర్ల సరుకైతే మూడు డాలర్ల ఇరవై సెంట్లు, సరే అనుకోవచ్చు. ఐదు డాలర్లకి మాత్రం 45 సెంట్లు పోయేవి, అంటే దాదాపు తొమ్మిది శాతం! నాకు ఒళ్ళు మండింది. 1931 నాటి నిజాం స్టాంపు, అణాది, చార్మినార్ బొమ్మ ఉన్నది ఒకటి పాటకి పెట్టి, కింద ఆ లైను తగిలించాను. ఏడుగురు పాడారు. నాలుగో రోజు చూద్దును కదా, లిస్టింగే లేదు. ఎవరో ఫిర్యాదు చేశారు. డబ్బు మామూలు పద్ధతిలో కట్టేవాడి దగ్గర, అలా కట్టినందుకు అదనపు రుసుము అడగకూడదన్నది ఆ సైటు నియమం. నేను చదివితేగా! మళ్ళీ పెడితే ముగ్గురే వచ్చారు. 45 సెంట్ల కోసం ఎంత పోగొట్టుకున్నానో మీ పెదనాన్న కాగితం మీద లెక్కగట్టి మరీ చూపించారు.

నీకు ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మన దగ్గర షాపువాడు "కార్డైతే రెండు శాతం ఎక్స్‌ట్రా మేడమ్" అనడం విని పెరిగావు. డెబిట్ కార్డు మీద అలా వసూలు చేయడం తగదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది, అయినా అడిగేవాడు అడిగాడు. 2020 జనవరి నుంచి యూపీఐకీ రూపే డెబిట్ కార్డుకీ వ్యాపారి బ్యాంకుకి కట్టాల్సిన రుసుమే తీసేశారు. అందుకే డబ్బు పుచ్చుకోవడానికి కూడా ఖర్చవుతుందంటే నీకు అన్యాయంగా తోస్తోంది.

పైగా ఈబేలో ఇప్పుడు పాతకాలపు లెక్క లేదు. 2002లో పేపాల్‌ని 150 కోట్ల డాలర్లకి కొనుక్కుని, 2015లో విడిపోయాక, డబ్బు వసూలు పని ఈబేనే చేతిలోకి తీసుకుంది. కొన్నవాడు ఏ కార్డుతో కట్టాడో నీకు సంబంధం లేదు. ఈబే తన వాటా కోసుకుని మిగతాది నీ బ్యాంకులో వేస్తుంది. పేమెంటు ఖర్చు ఆ వాటాలోనే ఉంటుంది. కాబట్టి నువ్వు రాసిన 3 శాతానికి విడిగా బిల్లంటూ ఏమీ రాదు.

ఆ వాటా చాలా విభాగాల్లో 13 శాతం పైచిలుకు, దాని మీద ఆర్డరుకి 30 సెంట్లో 40 సెంట్లో. ఇది స్టాంపు ధర మీదే కాదు, పోస్టేజీ మీదా, కొన్నవాడు కట్టిన అమ్మకపు పన్ను మీదా కూడా పడుతుంది. 2011కి ముందు అమెరికాలో పోస్టేజీ మీద ఈ కోత ఉండేది కాదు. వస్తువు ఒక్క సెంటు, పోస్టేజీ పది డాలర్లు అని పెట్టేవాళ్ళు ఘనులు. ఆ దారి మూసేశారు.

లెక్క ఎలా వేయాలో చెబుతాను, ఇక్కడే అందరూ బోల్తా పడతారు. నీ చేతికి 20 డాలర్లు రావాలి. 13 శాతం, 40 సెంట్లు అనుకుందాం. ఇరవైకి 13 శాతం 2.60, దానికి 40 సెంట్లు, మొత్తం 23 అని పెడితే నీకు వచ్చేది 19.61. ఎందుకంటే వాళ్ళు కోసేది ఇరవై మీద కాదు, ఇరవైమూడు మీద. ఇరవైకి 40 సెంట్లు కలిపి 0.87తో భాగించు, 23.45 వస్తుంది. మీ టెక్సాస్‌లో కొనేవాడి పన్ను మీద పడే కోతకి ఇంకో ముప్ఫై సెంట్లు వేసుకో. అప్పుడు ఇరవై నిలుస్తుంది.

"పెద్దమ్మా, వేలంలో ధర నేను పెట్టేది కాదుగా, మరి ఫీజు ఎక్కడ కలపను?" అంటావు. అసలు సంగతి అదే. మన ఊరి చెరువుగట్టు మీది చింతచెట్ల పాట గుర్తుందా? పాడేవాడు చెట్టుకి కాపెంత, రాల్చేందుకు కూలీ ఎంత, బండి కిరాయి ఎంత అని గోనెపట్టా మీద కూర్చుని లెక్కేసుకునేవాడు. కూలీ పెరిగిన ఏడు పాట తగ్గేది. నీ మూడు శాతమూ అంతే. నలభై డాలర్ల దాకా పోదామనుకున్నవాడు ఆ లైను చూసి ముప్ఫై తొమ్మిది దగ్గర ఆగుతాడు. ఆగకపోతే విసుక్కుని వెళ్ళిపోతాడు. కట్టేది అతనైనా పోయేది నీ జేబులోంచే.

లండన్ పెద్ద వేలశాలలు కొన్నవాడి దగ్గర వసూలు చేయడం లేదా అని వాదిస్తావేమో. చేస్తున్నాయి. క్రిస్టీస్, సోదబీస్ 1975 నుంచి చేస్తున్నాయి, మొదట్లో పది శాతం. అయితే అది ఆ గదిలో ప్రతి వస్తువుకీ ఒకటే, పాడేవాళ్ళంతా తాము ఇవ్వదలచినదాంట్లోంచి దాన్ని తీసేసుకునే పాడతారు. నీ పక్కన అదే స్టాంపు అమ్మేవాడు ఆ లైను పెట్టడు, గుర్తుంచుకో.

మరి చేయాల్సిందేమిటి? మొదలుధర 99 సెంట్లని పెట్టకు. ఒక్కడే పాడినా నీకు నష్టం రాని ధర దగ్గర మొదలుపెట్టు, ఆ ధర పైన చెప్పిన భాగాహారంతో తేలుతుంది. రెండు మూడు డాలర్ల స్టాంపులు విడివిడిగా పెట్టకు, ఐదూ పదీ కలిపి ఒక లాటుగా అమ్ము. ఆర్డరుకి పడే ఆ 40 సెంట్లు అప్పుడు ఒక్కసారే పోతాయి. చవక స్టాంపులకి ఈబే స్టాండర్డ్ ఎన్వలప్ అనే వాళ్ళ తపాలా పద్ధతి వాడు, ట్రాకింగ్ ఉంటుంది. పోస్టేజీ అయినంతే అడుగు. అట్టముక్క, ప్లాస్టిక్ కవరు కొన్న డబ్బు కూడా నీ ఖర్చులోనే రాసుకో.

ఇంకో మాట. మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా, "ఈబే ఎందుకండీ, పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపేస్తా, ఫీజు మిగులుతుంది" అంటే ఒప్పుకోకు. నువ్వు కూడా ఎవరినీ అలా అడగకు. అది చుట్టాలకి డబ్బు పంపుకునే దారి, సరుక్కి కాదు. కొన్నవాడికి రక్షణ ఉండదు, సరుకు దారిలో పోతే ఇద్దరూ మొహమొహాలు చూసుకోవాలి. ఈబేలో కుదిరిన బేరాన్ని బయటికి లాగితే నీ ఖాతాకే ముప్పు.

రేపు సొంత వెబ్‌సైటు పెట్టుకుంటే అది వేరే కథ. అక్కడ క్రెడిట్ కార్డు మీద సర్‌చార్జి వేసుకోవచ్చు, వీసా కార్డు కంపెనీ 2023 నుంచి 3 శాతం దాటనివ్వడం లేదు. డెబిట్ కార్డు మీద వేయకూడదు. కనెక్టికట్, మసాచుసెట్స్ లాంటి చోట్ల చట్టమే ఒప్పుకోదు. ఇన్ని గుర్తుపెట్టుకోవడం కంటే ధరలో కలిపేసుకోవడం సుఖం కాదూ?

నేనిచ్చిన పెట్టెలో పసుపుపచ్చ కవరొకటి ఉంటుంది, అణా చార్మినార్ అతికించింది. అది మాత్రం ఈ విడత పాటకి పెట్టకు. వెనకాల మీ పెదనాన్న పెన్సిల్‌తో ఏదో ధర రాసి కొట్టేశారు. ఎంతో ఎంత చూసినా ఆనడం లేదు. నువ్వు వచ్చినప్పుడు భూతద్దం తీసుకురా.

మీ పెద్దమ్మ