షేవర్ మొద్దుబారిందని పారేసే ముందు

చిరంజీవి చిన్నాకు పెదనాన్న ఆశీస్సులు.

నీ షేవర్ గడ్డం గీయడం మానేసి వెంట్రుకలు పీకుతోందని, ఒక్కచోటే నాలుగైదు సార్లు తిప్పాల్సి వస్తోందని, పైగా చేతిలో వేడెక్కుతోందని రాశావు. పదును పోయినట్టుంది, కొత్తది కొనేయనా అని అడిగావు. కొంచెం ఆగు. అది కొని ఏడాది కూడా కాలేదు కదా, అంత తొందరగా బ్లేడ్లు అరిగిపోవు. బాగుచెయ్యమని నా టేబుల్ మీదికి వచ్చే షేవర్లలో చాలావరకు పాడైనవి కావు, మురికి పట్టినవి. తెచ్చినవాళ్లు మాత్రం అందరూ పదును పోయిందనే చెబుతారు.

ముందు లోపల ఏముందో నీ కళ్లతో నువ్వే చూడు. స్విచ్ ఆపి, హెడ్ ఊడదీసి, తెల్లకాగితం మీద మెల్లగా తట్టు. బూడిదరంగు పొడి రాలుతుంది. అదంతా వెంట్రుకలే అనుకుంటాం గానీ, చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూడు, జిడ్డుగా అంటుకుంటుంది. సన్నగా తెగిన వెంట్రుకలతో పాటు చర్మం పొట్టు, ముఖం మీది నూనె, రాసుకున్న క్రీము అన్నీ అందులో కలిసి ఉంటాయి. వట్టి వెంట్రుకల పొడే అయితే ఊదితే ఎగిరిపోయేది. ఈ జిడ్డు దాన్ని పట్టుకుని ముద్ద చేస్తుంది. బ్లేడుకీ పైనున్న రేకుకీ మధ్య సందు ఉండకూడదు. రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటూ కదిలితేనే వెంట్రుక తెగుతుంది. మధ్యలోకి ముద్ద చేరిందా, బ్లేడు కాస్త ఎడమవుతుంది. అప్పుడు వెంట్రుక తెగకుండా మడతపడి లోపలికి లాగినట్టవుతుంది. నువ్వు పీకుతోంది అంటున్నది దీన్నే. మోటారుకు కూడా ఆ ముద్దను తోసుకుంటూ తిరగడం బరువే. ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది, ఛార్జింగ్ తొందరగా అయిపోతుంది. నువ్వు రాసిన కంప్లయింట్లన్నిటికీ మూలం ఒకటేనని నా అనుమానం.

నీది ఏ రకమో రాయలేదు. ఇవి రెండు రకాలు. ఒకదాంట్లో సన్న చిల్లులున్న వంపు రేకు పైన ఉంటుంది, దాని కింద బ్లేడ్ల వరస అటూ ఇటూ ఆడుతుంది. దీన్ని ఫాయిల్ షేవర్ అంటారు. రెండోది గుండ్రటి చక్రాలున్నది, మూడు తలలతో ఉంటుంది సాధారణంగా. అది రోటరీ. ఈ గుండ్రంగా తిరిగే పద్ధతిని ఫిలిప్స్ కంపెనీలో అలెగ్జాండర్ హోరోవిట్జ్ అనే ఇంజనీరు రూపొందిస్తే 1939లో బయటికి వచ్చింది, అప్పట్లో ఒకటే తల. కరెంటు షేవర్ అయితే అంతకుముందే, 1931లోనే, జేకబ్ షిక్ అమెరికాలో అమ్మకానికి పెట్టాడు. ఇన్నేళ్లలో మోటార్లు మారాయి, బ్యాటరీలు మారాయి, లోపల పేరుకునే జిడ్డు మాత్రం అదే.

నీళ్లు తగిలించే ముందు ఒకటి చూసుకో. షేవర్ మీద గానీ, దాంతో వచ్చిన పుస్తకంలో గానీ కుళాయి బొమ్మ ఉంటే కుళాయి కింద కడగొచ్చు. ఐపీఎక్స్7 అని రాసి ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు దిగదని అర్థం. ఈ రెండూ లేకపోతే నీళ్ల జోలికి పోకు, బ్రష్షుతోనే సరిపెట్టుకో. కడిగే రకమైనా సరే, ఛార్జర్ వైరు తగిలించి ఉండగా మాత్రం నీళ్ల దగ్గరికి తీసుకెళ్లకు. వైరు పీకేశాకే కడుగు.

ఇక కడగడం. ఫాయిల్ రకమైతే స్విచ్ వేసి, తిరుగుతుండగానే హెడ్‌ను గోరువెచ్చని నీళ్ల ధార కింద పెట్టు. పొగలు కక్కే నీళ్లు వద్దు. రేకు మీద చేతులు కడుక్కునే లిక్విడ్ సబ్బు ఒక్క చుక్క వేసి మళ్లీ కాసేపు తిరగనివ్వు. నురగ మొదట బూడిదరంగులో వస్తుంది, కాసేపటికి తెల్లబడుతుంది. తెల్లబడేదాకా ఆపకు. గరుకు పొడి ఉన్న సబ్బులూ, గిన్నెలు తోమే పౌడర్లూ దరిచేరనివ్వకు. తరవాత సబ్బు పూర్తిగా పోయేదాకా కడుగు. ఇక్కడే చాలామంది తొందరపడతారు. సబ్బు మిగిలితే ఎండి పెచ్చు కడుతుంది, అప్పుడు కడగకపోవడమే నయమనిపిస్తుంది. ఇప్పుడు స్విచ్ ఆపి, హెడ్ తీసి, లోపలివైపు కూడా ఒకసారి ధార కింద పట్టు. బ్లేడ్ల కిందా, మోటారు ఇరుసు మొలిచిన చోటా, ట్రిమ్మర్ మడిచే కీలు వెనకా బాగా చూడు. ఆ కీలు వెనక సందుంది చూశావూ, ఎవరూ దాని వంక చూడరు. వాసన వస్తోందని తెచ్చే షేవర్లలో నేను మొదట తెరిచేది అక్కడే.

ఫాయిల్ రేకును మాత్రం బ్రష్షుతో రుద్దకు. దాని మందం మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. బ్రష్షు గట్టిగా తగిలితే సొట్ట పడుతుంది, సొట్ట పడ్డచోట బ్లేడు రాసుకుని చిల్లు పడుతుంది, ఆ చిల్లు అంచు నీ చెంప గీరుతుంది. లోపలి బ్లేడ్లను బ్రష్షుతో దులపొచ్చు, రేకును ఊరికే తట్టడమే.

రోటరీ అయితే కడగడం అంతా ఇలాగే, కాకపోతే అప్పుడప్పుడూ చక్రాలు విప్పి శుభ్రం చెయ్యాలి. హెడ్ వెనక ఒక ఫ్రేము ఉంటుంది, అది తీస్తే ఒక్కో చోట రెండేసి ముక్కలు బయటికి వస్తాయి. లోపల తిరిగే కట్టర్ ఒకటి, ముఖానికి తగిలే గుండ్రటి గార్డు ఇంకొకటి. ఇవి రెండూ కలిసి నడిచి, ఒకదాని అరుగుదలకి ఒకటి అమరిపోయి ఉంటాయి, జత చెప్పుల్లాగా. ఒకదాని కట్టర్ ఇంకోదాని గార్డులో పడితే షేవర్ పాడైపోదు గానీ, మళ్లీ కుదురుకుని బాగా గీయడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. అందుకని మూడూ ఒకేసారి విప్పి పళ్లెంలో పోయకు. ఒకటి తీసి, శుభ్రం చేసి, మళ్లీ పెట్టాకే రెండోదాని మీద చెయ్యి వెయ్యి. ఈ ఒక్క విషయంలో నా మాట తు.చ. తప్పకుండా పాటించు, ఎందుకంటే కలిసిపోయాక ఏది దేనిదో నేను కూడా చెప్పలేను.

కడగడం కన్నా ఆరబెట్టడం ముఖ్యమని నేనంటే నవ్వుతారు. తడి షేవర్‌కి మూత బిగించి, సంచిలో పడేసి, జిప్పు లాగేస్తారు. నాలుగు రోజులయ్యాక తెరిస్తే ముక్కు మూసుకోవాలి. చర్మం పొట్టు, చెమ్మ, గాలి ఆడని చోటు, క్రిములకు ఇంకేం కావాలి? మర్నాడు దాన్నే నీ బుగ్గ మీద తిప్పుతావు. మొటిమల్లాంటి పొక్కులు వస్తే సబ్బుదో క్రీముదో తప్పంటావు. కడిగిన తరవాత గట్టిగా ఒకసారి నీళ్లు విదిలించి, హెడ్‌ని షేవర్ నుంచి వేరుచేసి, గాలి తగిలే చోట రాత్రంతా వదిలెయ్యి. తువ్వాలుతో గానీ టిష్యూతో గానీ రేకుని, చక్రాల్ని ఒత్తి తుడవకు, పోగులు చిక్కుకుంటాయి, రేకు వంగుతుంది. షేవర్ ఒంటిని ఎంతైనా తుడుచుకో. ఛార్జింగ్ పిన్ను పెట్టే రంధ్రం మాత్రం పొడిగా ఉందో లేదో చూసుకున్నాకే ప్లగ్గు పెట్టు. స్నానాల గదిలోనే ఉంచే అలవాటుంటే మానుకో, అక్కడి ఆవిరికి ఏదీ సరిగ్గా ఆరదు.

నూనె సంగతి. సబ్బుతో కడిగితే జిడ్డుతో పాటు బ్లేడ్ల మీదున్న నూనె కూడా పోతుంది. ఇనుముకి ఇనుము రాసుకుంటే శబ్దం పెరుగుతుంది, వేడెక్కుతుంది, నిజంగా అరగడం అప్పుడు మొదలవుతుంది. తరచూ కడిగేవాడివైతే వారానికోసారి, బాగా ఆరాక, రేకు మీద ఒక చుక్క, ట్రిమ్మర్ పళ్ల మీద ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేసి కొద్దిసేపు తిరగనివ్వు. ఎక్కువైంది మెత్తని గుడ్డతో అలా అద్దేయి. వంటింట్లో నూనె మాత్రం ఏదీ వద్దు. మొదట బాగానే ఉంటుంది, తరవాత గాలి తగిలి బంకలా తయారై వెంట్రుకల పొడిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఒకాయన ఎంతో శ్రద్ధగా వారం వారం వంటనూనె వేసి తెచ్చాడు. కట్టర్ ఊడబెరకడానికే నాకు పూట పట్టింది.

బాగా ముదిరిన జిడ్డుకి సబ్బునీళ్లు చాలవు. నీదిప్పుడు ఆ స్థితిలోనే ఉండొచ్చు. మందుల షాపులో దొరికే ఐసోప్రోపైల్ ఆల్కహాల్ చిన్న గిన్నెలో పోసి, బ్లేడ్లూ చక్రాలూ విడిగా తీసి అందులో కాసేపు నానబెట్టు. షేవర్ ఒంటిని కాదు, విడిభాగాల్ని మాత్రమే. జిడ్డు కరిగి ద్రవం మసకబారుతుంది. తీసి, మెత్తని బ్రష్షుతో కట్టర్ల పళ్ల మధ్య దులిపి, ఆరనిచ్చి, నూనె చుక్క వెయ్యి. ఈ ఆల్కహాల్ ఇట్టే అంటుకునే సరుకు, కాబట్టి దగ్గర్లో మంట గానీ సిగరెట్టు గానీ ఉండకూడదు. పూర్తిగా ఆవిరయ్యేదాకా స్విచ్ వెయ్యకు. ఖరీదైన షేవర్లకి తోడుగా వచ్చే క్లీనింగ్ స్టేషన్లలో చాలావాటి ద్రవం కూడా ఆల్కహాలుతో చేసిందే. అది సుఖమే గానీ, దాని కార్ట్రిడ్జ్ మార్చకుండా నెలల తరబడి వాడితే పాత మురికిలోనే మళ్లీ ముంచినట్టు.

ఎంత తరచుగా కడగాలంటావా, అది నీ పద్ధతిని బట్టి. పొడి గడ్డమే గీసుకుంటావనుకుంటా, అయితే ప్రతిసారీ పొడి తట్టి వారానికోసారి కడిగితే చాలు. నురగ పూసి గీసుకుంటే మాత్రం ప్రతిసారీ కడగాల్సిందే, ఎండిన నురగ కన్నా మొండి బంక ఉండదు. ఇంకో కిటుకు కూడా చెబుతా. పొడిగా గీసుకునేప్పుడు ముఖం నిజంగా పొడిగా ఉండాలి. కడుక్కుని సగం సగం తుడుచుకుని షేవర్ పెడితే, చర్మం రేకుకి అతుక్కుంటుంది, లోపల పొడి పేస్టు అవుతుంది. క్రీములు, సన్‌స్క్రీన్ గీసుకున్నాకే రాసుకో. మూడు నాలుగు రోజుల గడ్డమైతే ముందు ట్రిమ్మర్‌తో పొట్టిగా కత్తిరించి, తరవాత షేవర్ పెట్టు. పొడుగు వెంట్రుక చిల్లులో దూరదు, దూరినా సగంలో ఇరుక్కుంటుంది.

బ్యాటరీ గురించి పెద్ద టెన్షన్ పడకు. ఇప్పటివాటిలో లిథియం బ్యాటరీలే ఎక్కువ. పూర్తిగా ఖాళీ చేశాకే ఛార్జి పెట్టాలనేది పాత నికెల్ బ్యాటరీల నాటి మాట. దీనికి బొత్తిగా గిట్టనిది వేడి. కిటికీ దగ్గర ఎండలో, ఆపి ఉన్న కారులో వదిలెయ్యకు. నెలల తరబడి వాడనప్పుడు సగం ఛార్జితో పెట్టు.

ఇదంతా చేశాక కూడా పీకితే, అప్పుడు ఒప్పుకుంటా, బ్లేడ్లు అరిగాయని. రేకును వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడు, చిల్లులన్నీ ఒకేలా ఉండాలి. ఎక్కడైనా చిరుగు, సొట్ట, నొక్కు కనిపిస్తే ఇక దాన్ని ముఖానికి తగలనివ్వకు. అప్పుడైనా మార్చాల్సింది హెడ్డునే, షేవర్‌ని కాదు. రకాన్ని బట్టి ఏడాది నుంచి రెండేళ్లకి హెడ్ మార్చమని కంపెనీలే చెబుతాయి, కొన్నిటికి రేకు ముందు, లోపలి బ్లేడ్లు తరవాత. కొనేటప్పుడు షేవర్ మోడల్ నంబరు చూసి దానికి చెప్పిన హెడ్డే తీసుకో. చూడ్డానికి ఒకేలా ఉన్నవి పట్టవు, పట్టినా సరిగా కూర్చోవు. పాత రేకుతో కొత్త బ్లేడ్లు కలపడం నాకు నచ్చదు, రెండూ ఒకేసారి మార్చడమే మేలు. షేవర్ ఒంటి స్క్రూలు మాత్రం విప్పకు, లోపలి రబ్బరు సీలు ఒకసారి కదిలితే మళ్లీ నీళ్లు ఆపుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మీ నాన్న షేవర్‌ని కూడా అప్పుడప్పుడూ వాడేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఇంట్లోవాళ్లే కదా అనకు. కంటికి కనపడని చిన్న గీత పడ్డా రక్తం అంటుతుంది, హెపటైటిస్ బి, సి లాంటివి ఆ దారినే అంటుకోవచ్చు. ఎవరి షేవర్ వాళ్లదే.

ఈ వారం ఇవన్నీ చేసి, పని ఎలా ఉందో రాయి. తేడా లేకపోతే హెడ్ లోపలివైపూ, అడుగున మోడల్ నంబరూ రెండూ స్పష్టంగా కనపడేలా ఫోటోలు తీసి పంపు, ఏ హెడ్ తేవాలో చెబుతా.

ఇట్లు,
మీ పెదనాన్న