చిల్లరలో వెండి ఉందేమో చూసుకోండి

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటున్నాం. మావాడు కొట్లో ఇచ్చే చిల్లరంతా ఓ డబ్బాలో వేస్తుంటాడు. అందులో వెండి నాణేలు ఉండొచ్చని ఎవరో చెప్పారట, అప్పట్నుంచి ఒకటే గోల. నిజంగా దొరుకుతాయా? – ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: దొరుకుతాయండీ, ఓపిక ఉండాలి అంతే. 1964 దాకా సంవత్సరం వేసిన డైములు (పది సెంట్లు), క్వార్టర్లు (పాతిక సెంట్లు), హాఫ్ డాలర్లలో (యాభై సెంట్లు) 90 శాతం వెండి, మిగతాది రాగి. వెండి ధర పెరుగుతూ పోయి, జనం నాణేలు దాచేసుకుని, దేశంలో చిల్లరకే కటకట వచ్చేసరికి 1965 జులైలో అధ్యక్షుడు జాన్సన్ కొత్త చట్టం మీద సంతకం పెట్టాడు. దాంతో డైము, క్వార్టర్లలో వెండి మానేశారు.

మీవాడికి నేను చెప్పేది ఒకటే, సంవత్సరం తర్వాత చదువుకోవచ్చు, ముందు అంచు చూడమనండి. నాణేలు దొంతరగా పేర్చి పక్క నుంచి చూస్తే ఇప్పటివాటికి అంచు మధ్యలో ఎర్రటి రాగి గీత కనిపిస్తుంది, ఎందుకంటే లోపలంతా రాగి, పైనా కిందా మాత్రం రాగి, నికెల్ కలిపిన పలచటి పొర. వెండిదానికి ఆ గీత ఉండదు, అంచంతా తెల్లగానో, పాతబడితే కాస్త మసకగానో ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. కలెక్టర్ల కోసం శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల ఇప్పటికీ వెండి నాణేలు సెట్లుగా చేస్తుంది, ఎవరో ఆ సెట్టు విప్పి ఖర్చుపెట్టేస్తే అవి మామూలు చిల్లరలో కలిసిపోతాయి. సంవత్సరం మాత్రమే చూసేవాళ్లు వాటిని వదిలేస్తారు, అంచు చూసేవాడికి దొరికిపోతాయి.

అనుమానంగా ఉంటే తూచండి. వెండి క్వార్టర్ 6.25 గ్రాములు, ఇప్పటిది 5.67. బాగా అరిగిన నాణెం కాస్త తక్కువ తూగుతుంది, కంగారు పడకండి. అయస్కాంతం మాత్రం ఇక్కడ పనికిరాదు, ఈ రెండు రకాలూ దానికి అతుక్కోవు. కెనడా నాణేల దగ్గరైతే పనికొస్తుంది, వెండివి అతుక్కోవు, తర్వాత వచ్చిన నికెల్, ఉక్కు నాణేలు అతుక్కుంటాయి.

ప్రశ్న: నికెల్ అని పిలిచే అయిదు సెంట్ల బిళ్ల అంటేనే వెండి లేని నాణెం కదా, మరి 1943 నాటి బిళ్లలో వెండి ఉందంటున్నారేమిటి?

జవాబు: ఉంది, 35 శాతం. రెండో ప్రపంచ యుద్ధంలో నికెల్ లోహం సైన్యానికి కావాల్సి వచ్చి 1942 అక్టోబరు నుంచి 1945 దాకా ఈ బిళ్లని రాగి, వెండి, మాంగనీస్‌తో చేశారు. వెనకవైపు జెఫర్సన్ ఇల్లు మోంటిసెల్లో ఉంటుంది కదా, దాని గుమ్మటం పైన టంకశాల గుర్తుగా పి, డి, ఎస్‌లలో ఏదో ఒక అక్షరం పెద్దగా కనిపిస్తే అది వెండిదే. ఇక్కడ అంచు చూసి లాభం లేదు, మామూలు నికెల్ అంచు కూడా ఒకే రంగులో ఉంటుంది. చాలావాటికి నల్లటి, జిడ్డులాంటి మసక పట్టి ఉంటుంది, చూస్తే వెండి అని ఎవరూ అనుకోరు. నన్నడిగితే అందుకే ఇవి ఇంకా చేతులు మారుతున్నాయి.

ప్రశ్న: కొట్లో వచ్చే చిల్లర సరిపోవట్లేదు. ఎక్కువ నాణేలు వెతకాలంటే ఎలా?

జవాబు: బ్యాంకులో రోల్స్, అంటే కాగితంలో చుట్టిన నాణేల కట్టలు, అడగండి. ముఖ్యంగా హాఫ్ డాలర్లు, వాటిని రోజూ ఎవరూ వాడరు కాబట్టి ఏళ్ల తరబడి డబ్బాల్లో మగ్గినవి ఉన్నట్టుండి బ్యాంకుకి వస్తుంటాయి. 20 నాణేల రోల్ పది డాలర్లు, వెతికాక మిగిలినవి తిరిగి కట్టేయొచ్చు, డబ్బు ఎక్కడికీ పోదు. కాకపోతే తెచ్చిన బ్రాంచిలోనే తిరిగి కట్టకండి, వచ్చే వారం మీరు చూసేసిన నాణేలే మళ్లీ మీ చేతికొస్తాయి! కెనడీ బొమ్మ ఉన్న 1964 హాఫ్ డాలర్‌లో 90 శాతం వెండి, 1965 నుంచి 1970 వాటిలో 40 శాతం. ఈ 40 శాతం వాటి అంచు మీద లీలగా రాగి ఛాయ కనపడొచ్చు, కాబట్టి వీటికి సంవత్సరాన్నే నమ్మండి.

ప్రశ్న: దొరికిన డైము నల్లగా ఉంది. పూజ సామాను తోమినట్టు విభూతితో తోమేయనా?

జవాబు: వద్దండీ, దయచేసి వద్దు. ఆ నలుపు వల్ల నాణేనికి నష్టమేమీ లేదు, తోమితే పడే సన్నటి గీతలు మాత్రం ఎప్పటికీ పోవు, కలెక్టర్ వాటిని చూడగానే ధర తగ్గించేస్తాడు. మామూలు 1964 డైముకి ఎలాగూ వెండి ధరే వస్తుంది, కానీ మీ చేతిలో ఉన్నది 1916 నాటిదై, వెనకవైపు చిన్న డి అక్షరం ఉంటే? అలాంటివి డెన్వర్‌లో 2,64,000 మాత్రమే చేశారు, అరిగిపోయినదానికి కూడా మంచి ధర వస్తుంది. ముందు సంవత్సరం, అక్షరం చూసుకోండి. మట్టి ఉంటే మంచినీళ్లలో కాసేపు ఉంచి, రుద్దకుండా అద్ది ఆరబెట్టండి. దాచేటప్పుడు మెత్తటి పీవీసీ కవర్లు వాడొద్దు, కొన్నాళ్లకి నాణెం మీద పచ్చటి జిగురు దిగుతుంది.