1964 కార్డినల్స్ టీమ్ చేతికొచ్చింది, రోస్టర్ ఎలా కట్టాలి?

అమెరికాలోని సెయింట్ లూయిస్‌కి కొత్తగా వచ్చిన ఒక తమ్ముడి సందేహం ఇది. ఆఫీసులో కొందరు కలిసి 1964 బేస్‌బాల్ సీజన్ మొత్తాన్ని కార్డులతో, పాచికలతో మళ్లీ ఆడబోతున్నారట, ఊరి టీమ్ కార్డినల్స్‌ని నువ్వు తీసుకో అన్నారట. క్రికెట్ తప్ప ఏదీ తెలియదు, ఒప్పుకోవచ్చా, రోస్టర్‌లోకి, అంటే టీమ్ ఆటగాళ్ల జాబితాలోకి, పాతికమందిని ఎలా ఏరాలి అని అడిగాడు.

ఒప్పుకో తమ్ముడూ. ఇక్కడి పెద్దవాళ్లు తమ చిన్నప్పటి ఆటగాళ్ల గురించి మనసు విప్పి మాట్లాడే చోటుకి నిన్ను పిలిచారు, అది ఊరికే దొరికే పిలుపు కాదు.

ఆట పద్ధతికి భయపడక్కర్లేదు. ఎక్కువమంది ఆడేది స్ట్రాట్-ఓ-మ్యాటిక్, 1961 నుంచీ ఉంది. మూడు పాచికలు వేస్తారు. విడిగా ఉన్న పాచిక మీద ఒకటి నుంచి మూడు దాకా పడితే బ్యాటర్ కార్డు చూడాలి, నాలుగు నుంచి ఆరు అయితే పిచర్ (బంతి విసిరేవాడు) కార్డు. మిగతా రెండిటి మొత్తం ఏ వరుసలో చూడాలో చెబుతుంది. బడిలో పేజీ నంబరు చివరి అంకెతో ఆడిన బుక్ క్రికెట్‌కి ఇది బాగా చదువుకున్న అన్నయ్య లాంటిది. ఆ ఏడాది ఆ ఆటగాడు నిజంగా ఎలా ఆడాడో ఆ లెక్కలోనే కార్డు తయారవుతుంది.

అసలు సంగతి రోస్టర్. కొత్తవాళ్లు కార్డులన్నీ బల్ల మీద పరిచి మంచి అంకెలున్న పాతికమందిని ఏరేస్తారు, సీజన్ మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా వాళ్లనే ఆడిస్తారు. అది చరిత్రని మళ్లీ ఆడటం కాదు. ఇక్కడ రోస్టర్ అంటే క్యాలెండర్, ఏ తేదీన ఏ మనిషి ఏ టీమ్‌లో ఉన్నాడన్నదే లెక్క. ముందుగా లీగ్ నడిపే ఆయన్ని అడగాల్సింది ఇదే: నిజంగా జరిగిన మార్పిడులు (ఆటగాళ్లు ఒక టీమ్ నుంచి ఇంకో టీమ్‌కి మారడం) జరిగిన తేదీకే అమలు చేస్తామా, లేదా?

నీ టీమ్‌కి ఇది ప్రాణం. బ్యాటర్ లూ బ్రాక్ ఆ ఏడాది షికాగో కబ్స్ టీమ్‌తో మొదలుపెట్టాడు. జూన్ 15న, మార్పిడులకి ఆఖరి గడువు రోజున, పిచర్ ఎర్నీ బ్రోగ్లియో తదితరులని ఇచ్చి కార్డినల్స్ అతన్ని తెచ్చుకుంది. కబ్స్‌లో అతని బ్యాటింగ్ సగటు (వచ్చిన అవకాశాల్లో హిట్‌ల వంతు) 0.251, సెయింట్ లూయిస్ వచ్చాక 0.348, ఏడాది మొత్తానికి 0.315. ఏడాది మొత్తానికి కలిపి ఒకే కార్డు ఉంటే జూన్ దాకా కబ్స్ నడిపేవాళ్లకి అసలు కంటే మెరుగైన బ్రాక్ దొరుకుతాడు, నీకేమో కాస్త తగ్గిన బ్రాక్. దానికి బాధపడకు. తేదీ మాత్రం పట్టుకో, జూన్ 15 దాకా నీ లెఫ్ట్ ఫీల్డ్‌లో (మైదానం ఎడమ అంచున) అతను లేడు. రైట్ ఫీల్డ్‌లో నిలబడ్డ మైక్ షానన్ కూడా జులైలో వచ్చినవాడే.

ఇంకా జాగ్రత్తగా చూడాల్సిన కార్డు బార్నీ షుల్ట్జ్‌ది. ముప్పై ఎనిమిదికి దగ్గరపడ్డ నకిల్‌బాల్ (దాదాపు తిరగకుండా ఊగుతూ వచ్చే బంతి) పిచర్, కింది లీగ్ నుంచి వేసవిలో పిలిపించారు, వేసింది 49 ఇన్నింగ్స్ చిల్లర, ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున తన లెక్కలో ఇచ్చిన పరుగులు, తక్కువైతే మంచిది) 1.64. కార్డు చూస్తే కళ్లు చెదురుతాయి. ఏప్రిల్ నుంచే వాడితే నిజంగా అతను వచ్చిన వేళకి అతని ఇన్నింగ్స్ అయిపోతాయి. మంచి లీగులన్నిట్లో ఒక పరిమితి ఉంటుంది, అసలు సీజన్‌లో ఆడినదాన్ని పెద్దగా దాటకూడదు. పది శాతం దాకా వదులుతారో, అసలు వదలరో ముందే అడిగి రాసుకో. ముప్పైసార్లు మాత్రమే బ్యాటింగ్ చేసి అదృష్టం కొద్దీ 0.400 కొట్టినవాణ్ణి రోజూ దించి గెలిచే గెలుపు ఎవరికీ ఆనందం ఇవ్వదు.

క్రికెట్ అలవాటుతో నువ్వు దెబ్బతినే చోటు బెంచి. బేస్‌బాల్‌లో ఒకసారి బయటికి వచ్చినవాడు ఆ ఆటలో మళ్లీ లోపలికి రాలేడు. పైగా 1964లో పిచర్ కూడా బ్యాట్ పట్టాల్సిందే, పిచర్ బదులు బ్యాటింగ్‌కే ఒకణ్ణి పెట్టుకునే డెజిగ్నేటెడ్ హిటర్ నిబంధన అమెరికన్ లీగ్‌కే 1973లో వచ్చింది, కార్డినల్స్ ఉండే నేషనల్ లీగ్‌కి శాశ్వతంగా 2022లో. ఏడో ఇన్నింగ్స్‌లో పిచర్ బదులు ఒకణ్ణి బ్యాటింగ్‌కి పంపితే ఇద్దరూ ఖర్చయినట్టే. కాబట్టి పాతికలో పిచర్లు పదిమంది చాలు, మిగతా పదిహేనులో క్యాచర్లు (మన వికెట్ కీపర్ లాంటివాళ్లు) కనీసం ఇద్దరుండాలి, మెకార్వర్ ఉన్నాడు కదా అని ఒక్కడితో సరిపెట్టకు, షార్ట్‌స్టాప్‌లో (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే చోటు) గ్రోట్ బదులు నిలబడగలవాడు ఒకడు ఉండాలి. ఫీల్డింగ్ రేటింగ్ 1 అంటే అద్భుతం, 5 అంటే కష్టం.

తేదీలన్నీ ఎక్కడ దొరుకుతాయంటే రెట్రోషీట్‌లో. 1989లో మొదలై, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు పాత స్కోరుకార్డులు సేకరించి ఉచితంగా అందుబాటులో పెట్టారు. ఏ రోజు ఎవరు మొదలుపెట్టారు, లైనప్‌లో ఎవరు ఏ స్థానంలో ఉన్నారు, అన్నీ ఉంటాయి. పిచర్ల వరుస అక్కడి నుంచే దించుకో. బాబ్ గిబ్సన్, శాడెకీ, సిమన్స్ నీ మూలస్తంభాలు, ముగ్గురికీ కలిపి 57 విజయాలు. గిబ్సన్ మంచివాడు కదా అని రెండేసి రోజుల విశ్రాంతితో దించకు. ఆ ఏడాది నేషనల్ లీగ్‌లోనే ఉన్న ఫిలడెల్ఫియా టీమ్ 12 ఆటలు మిగిలుండగా ఆరున్నర ఆటల ఆధిక్యంలో ఉండి, వరుసగా పది ఓడింది. వాళ్ల పిచర్లు బన్నింగ్‌నీ షార్ట్‌నీ తక్కువ విశ్రాంతితో మళ్లీ మళ్లీ దించడం ఒక కారణమని ఇప్పటికీ వాదిస్తారు. ఆ పదిలో చివరి మూడూ మీ ఊళ్లోనే, నీ టీమ్ చేతిలోనే.

టైమ్ సంగతి కూడా ఆలోచించుకో. ఆటకి అరగంట అనుకున్నా 162 ఆటలకి 81 గంటలు. ఇండియా ప్రయాణం ఉంటే ముందే చెప్పి ఆటలు ముందుకి జరిపించుకో, సగంలో వదిలేస్తే ఎదుటి టీమ్‌ల షెడ్యూలంతా పాడవుతుంది. ఫలితం ఆడిన రోజే పంపు.

1964లో సెప్టెంబర్ 1 నుంచి రోస్టర్ నలభైకి పెరిగేది, కానీ వరల్డ్ సిరీస్‌కి (రెండు లీగుల విజేతల ఫైనల్) అర్హత మాత్రం ఆగస్టు 31న టీమ్‌లో ఉన్నవాళ్లకే. న్యూయార్క్ యాంకీస్ పిచర్ పెడ్రో రామోస్‌ని సెప్టెంబర్ 5న తెచ్చుకుంది, అతను చివరి వారాల్లో వాళ్ల ఆటల్ని కాపాడాడు, అయినా సిరీస్‌లో దింపడానికి కుదరలేదు. మీ లీగ్‌లో యాంకీస్ తీసుకున్నాయన సిరీస్‌లో అతని కార్డు బయటికి తీస్తే మొహమాటపడకుండా ఆపు.