మ్యాంగో అంటే అసలు పండు కాదు, కాయ

‘మ్యాంగో’ ఇంగ్లీషు వాళ్ల సొంత మాటేనా, మామిడిపండు కాక దానికి ఇంకో అర్థం ఉందా అని అడిగారు. మాది చిత్తూరు దగ్గర పల్లె, ఇంటి వెనకే తోతాపురి తోట. ఈ మాట సంగతి నాకు మొదట తెలిసింది ఆ తోటలోనే.

జూన్‌లో కోతలకు గుడియాత్తం వైపు నుంచి తమిళ కూలీలు వచ్చేవాళ్లు. నాకప్పుడు పదేళ్లు. పైన ఒకాయన చిక్కం కట్టిన దోటితో కాయను లాగితే తొడిమ తెగి సొన చిమ్మేది. కింద ఒకావిడ చెంప మీద పడ్డ సొనను కొంగుతో తుడుచుకుంటూ, గంప చూపించి “మాంగా, మాంగా” అని కేకేసింది. బళ్లో ‘ఎమ్ ఫర్ మ్యాంగో’ చదువుతున్న నేను, ఈమెకు ఇంగ్లీషు ఎట్లా వచ్చిందని మా అవ్వను అడిగాను. “అది అరవం రా. మా అంటే మామిడి, కాయ్ అంటే మన కాయే” అంది.

అవ్వ చెప్పిందే నిజం. తమిళంలో మాంగాయ్ అంటే మామిడికాయ, మాటల్లో మాంగా అయిపోతుంది. మలయాళంలో మాంఙ. 1498లో కాలికట్ చేరిన పోర్చుగీసు వాళ్లు ఆ తీరంలోనే ఈ మాట పట్టుకుని ‘మాంగా’ అన్నారు. వాళ్ల దగ్గర్నుంచి 16వ శతాబ్దం చివరికి ఇంగ్లీషులోకి వెళ్లింది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ మామిడి చెట్టుకు పెట్టిన ‘మాంజిఫెరా ఇండికా’ అనే శాస్త్రీయ పేరులోనూ ఇదే ఉంది. తమిళంలో పండుకు మాంపళం అని వేరే మాట ఉంది, అది మాత్రం ఓడ ఎక్కలేదు. అందుకే ఇంగ్లీషులో పండిన పండు పేరులో కూడా మన కాయ దాగి ఉంది. నాకు ఇది తలచుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది.

ఇక రెండో అర్థం. ఓడలో నెలల తరబడి పండు నిలవదు కదా. ఇంగ్లండ్‌లో చాలామందికి మామిడి మొదట ఊరగాయగానే తెలిసింది. దాంతో ‘మ్యాంగో’ అంటే ఊరగాయ అనే అర్థం వచ్చేసింది. దోసకాయ, ఖర్బూజా లాంటి వాటి లోపల తొలిచి, ఆవాలు, వెల్లుల్లి కూరి వెనిగర్‌లో ఊరబెట్టి, వాటినీ మ్యాంగోలనే అన్నారు. ఊరబెట్టడం అనే క్రియగా కూడా ఈ మాట వాడారు.

ఆ వాడుక అమెరికాకు పోయింది. అక్కడ క్యాప్సికంలో క్యాబేజీ కూరి ఊరబెట్టేవాళ్లు. చివరికి క్యాప్సికం పేరే మ్యాంగో అయింది. ఒహాయోలో ఉండే మా అక్కను పక్కింటి పెద్దావిడ “మా పెరట్లో మ్యాంగోలు కాశాయి, పట్టుకెళ్లు” అని పిలిచిందట. ఆ చలి దేశంలో మామిడి ఎక్కడిదా అని అక్క ఆత్రంగా వెళితే, ఆమె చేతిలో పెట్టింది నాలుగు పచ్చ క్యాప్సికంలు. ఒహాయో, ఇండియానా, పెన్సిల్వేనియా పాత వంటల పుస్తకాల్లో ‘స్టఫ్డ్ మ్యాంగోస్’ అని కనిపిస్తే, అక్కడ కావలసింది క్యాప్సికమే.